ఒకే ఆసుపత్రి, ఒకే రోజు: మా తమ్ముడి ఫైలూ నా ఫైలూ

బరువు తగ్గే ఆపరేషన్‌కి వచ్చే ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఉండే జబ్బుల్లో తేడా ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. మా ఇంట్లోనే రెండు ఫైళ్లున్నాయి, అవి చూసి చెబుతున్నాను.

నేను బెంగళూరులో మారతహళ్లిలో ఉంటాను. తమ్ముడిది హిందూపురం, ఎరువుల అంగడి. నేను ఈ ఆపరేషన్ గురించి నాలుగేళ్లు వీడియోలు చూశాను, ఒకసారి అపాయింట్‌మెంట్ తీసుకుని భయపడి ఎగ్గొట్టాను. వాడు ఒక్క పూటలో తేల్చేశాడు. పోయిన ఆగస్టులో బెంగళూరు వస్తూ కొడికొండ దాటాక స్టీరింగ్ మీద కునుకు తీసి డివైడర్ ఎక్కించాడు మరి. మగవాళ్లు డివైడర్ ఎక్కితే గానీ డాక్టర్ దగ్గరికి రారు. ప్రపంచమంతా లెక్క చూసినా ఈ ఆపరేషన్ చేయించుకునేవాళ్లలో నాలుగింట మూడొంతులు ఆడవాళ్లే. మగవాళ్లు వచ్చేసరికి బరువు ఇంకా పెరిగి, షుగరు, బీపీ, గుండె జబ్బు ముదిరి ఉంటాయి. అది చూసి "ఆడవాళ్లు అందం కోసం వస్తారు, మగవాళ్లు జబ్బుతో వస్తారు" అనేవాళ్లున్నారు. మా పెదనాన్న కొడుకు పెళ్లి భోజనాల బంతిలోనే నాతో అన్నాడు, అదీ మూడో లడ్డు తింటూ.

సరే, ఆ రోజు సంగతి. ఇద్దరం కలిసే వెళ్లాం. వెయిటింగ్ హాల్లో చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు. లావు తగ్గించే ఆసుపత్రిలో లావుగా ఉన్నవాళ్లు పట్టని కుర్చీలు వేసినవాళ్ల తెలివికి ఏమనాలో తెలీదు. నిలబడే ఉన్నాం. నేను 5 అడుగుల 2 అంగుళాలు, 94 కిలోలు. వాడు 5 అడుగుల 8, 118 కిలోలు. బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువు ఎంతో చెప్పే లెక్క, నాకు దగ్గర దగ్గర 38, వాడికి 39 పైన. పెద్ద తేడా లేదు కదా?

తర్వాత నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, అదే స్లీప్ అప్నియా, ఉందో లేదో చూసే కాగితం ఇచ్చారు. ఎనిమిది ప్రశ్నలు, ప్రశ్నకో మార్కు. గురక పెడతారా, పగలు అలసటగా ఉంటుందా, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా, బీఎంఐ 35 దాటిందా, వయసు 50 దాటిందా, మెడ లావా. చివరిది, మగవారా? మగవాడైతే ఊరికే ఒక మార్కు! వాడికి ఎనిమిదికి ఏడొచ్చాయి. నాకు అలసట, బీఎంఐ కలిపి రెండు. "మీకు రిస్క్ తక్కువ మేడమ్" అన్నారు. వాడికి మాత్రం రాత్రి నిద్ర పరీక్ష రాశారు. పొద్దున్నే తలనొప్పి, అర్ధరాత్రి మెలకువ, నిద్ర పట్టకపోవడం, నా బాధలివీ. ఆ కాగితంలో వీటికి గడే లేదు. ఆడవాళ్లలో ఈ జబ్బు తరచూ ఇలాగే కనిపిస్తుందని, గురక లేదని వదిలేస్తారని తర్వాత చదివాను.

అసలు సంగతి లోపలి గదిలో జరిగింది. నర్సమ్మ చిత్తూరు వైపు అమ్మాయి, తెలుగులోనే మాట్లాడింది. తలుపు వేసి, గొంతు తగ్గించి, "దగ్గినా తుమ్మినా మూత్రం పడుతుందా అక్కా?" అంది. నాకు మాట రాలేదు. రెండో కాన్పు అయి పదమూడేళ్లు. ఈ పదమూడేళ్లలో థైరాయిడ్‌కి ఒక డాక్టరు, మోకాళ్లకి ఒక డాక్టరు, నెలసరి సరిగా రావట్లేదని పీసీఓడీకి ఇంకొకరు. ఒక్కరంటే ఒక్కరు ఈ మాట అడగలేదు. మా ఆయనకి కూడా తెలీదు. బస్సులో వెళ్లాల్సి వస్తే పొద్దున్నుంచి నీళ్లు తాగను, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో గంట ఇరుక్కుపోతే ఏం చేస్తాను? అక్కడే కూర్చుని ఏడ్చేశాను. పొట్ట బరువంతా మూత్రాశయం మీద పడుతుందని, బరువు తగ్గితే చాలామందికి ఇది కూడా తగ్గుతుందని ఆ అమ్మాయే చెప్పింది. మీరు వెళ్తే, అడగకపోయినా చెప్పండి.

స్కానింగ్‌లో నాకు గాల్ బ్లాడర్‌లో రాళ్లు కూడా కనిపించాయి. ఇవీ ఆడవాళ్లలోనే ఎక్కువ. వాడి స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్. మగవాళ్లకి కొవ్వు పొట్ట లోపల, కాలేయం చుట్టూ, మెడలో చేరుతుందట. అందుకే షుగరు, బీపీ, గురక. మనకి నెలసరి ఆగేదాకా తుంటికీ తొడలకీ పడుతుంది, ఆగాక మనకీ లోపలికే.

ఇప్పుడు నా అసలు కోపం ఇన్సూరెన్స్ మీద. మన దేశంలో డాక్టర్ల లెక్క ప్రకారం నాలాగా బీఎంఐ 38 దాకా ఉంటే వేరే జబ్బు లేకపోయినా ఆపరేషన్ చేయొచ్చు. ఇన్సూరెన్స్ లెక్క వేరు. 2019లో బీమా కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన నిబంధన ప్రకారం బీఎంఐ 40 ఉండాలి, లేదా 35తో పాటు నాలుగింటిలో ఒకటి ఉండాలి: లావు వల్ల దెబ్బతిన్న గుండె కండరం, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ అప్నియా, అదుపులో లేని షుగరు. మోకాళ్లు లేవు, పీసీఓడీ లేదు, మూత్రం సంగతి అసలే లేదు. ఆ జాబితా రాసిన గదిలో ఒక్క ఆడమనిషి కూడా ఉండి ఉండదని నా గట్టి నమ్మకం. ఆడవాళ్లకీ షుగరు వస్తుంది, గుండె జబ్బూ వస్తుంది, కాదనను. కానీ మనల్ని ఆసుపత్రికి తెచ్చేవి వేరే బాధలు, వాటికి డబ్బు రాదు.

నేనే పట్టుబట్టి నిద్ర పరీక్ష చేయించుకున్నాను. గంటకి 17 సార్లు ఊపిరి అడ్డుపడుతోంది. 30 దాటితేనే తీవ్రం, 17 అంటే మధ్యస్థం. అంటే జబ్బు ఉంది, కానీ ఇన్సూరెన్స్‌కి అది చాలదు! తమ్ముడికి 52 వచ్చింది. ఒక్క రోజులో క్యాష్‌లెస్ అప్రూవల్ వచ్చేసింది. నాది తిప్పి పంపారు.

వాడికి నవంబర్‌లో స్లీవ్ ఆపరేషన్, అదే కడుపు సంచిని కోసి చిన్నది చేసేది, అయింది. ఇప్పుడు గురక లేదని, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటే తనకే నిద్ర పట్టట్లేదని మా మరదలు నవ్వుతుంది. వాడు ఫోన్ చేసినప్పుడల్లా "డబ్బు నేనిస్తాను, రా అక్కా" అంటాడు. వాడి ఇద్దరు పిల్లల ఫీజులు నాకు తెలుసు. నేను చీటీ వేశాను. ఈ నెల పాట కూడా ఎదురింటి వాళ్లకే పోయింది.