లారీకి నీళ్లెవరు పోశారు?

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మీ తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో మిలట్రీలో చేరి, ఈజిప్టు ఎడారిలో లారీ నడిపి, ఇటలీ దాకా వెళ్లి, 1946లో ఊరికి తిరిగొచ్చారు. ఇంత సరుకు చేతిలో పెట్టుకుని నువ్వు మొదటి పేజీలోనే బాంబులు పేల్చేశావు. ఆరో పేజీకి వచ్చేసరికి ఆయన ఒంటిచేత్తో ముగ్గురు జర్మన్లని పట్టుకున్నారు. నిజంగా పట్టుకున్నారా, లేక కథకి ఊపు కావాలని నువ్వే పట్టించావా?

నేనూ ఇదే పని చేశాను కాబట్టి అడుగుతున్నాను. మా పెదనాన్న కూడా ఆ ఎడారిలోనే డ్రైవరు. నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఆయన మీద కథ రాసి, అరుగు మీద కూర్చుని చదివి వినిపించాను. గుళ్లవానలో లారీ దూసుకుపోవడం, పక్కన స్నేహితుడు ఒరిగిపోవడం, అన్నీ పెట్టాను. ఆయన చుట్ట కాలుస్తూ చివరిదాకా విని, "బాగానే ఉందిరా. ఇంతకీ ఆ లారీకి నీళ్లెవరు పోశారు?" అన్నాడు.

నాకేం అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. అక్కడ మనిషికి రోజుకి ఒక గాలను, అంటే నాలుగున్నర లీటర్ల నీళ్లు దొరికితే గొప్ప. తాగడానికీ, గడ్డం గీసుకోడానికీ, రేడియేటర్‌లో పోయడానికీ అదే. గడ్డం గీసుకున్న నీళ్లు పారబోసేవారు కాదట, గుడ్డలో వడగట్టి బండికి పోసేవారట. పెట్రోలు నాలుగు గాలన్ల రేకు డబ్బాల్లో వచ్చేది. పల్చటి రేకు. దారి కుదుపులకి అతుకులు ఊడి, సగం లారీలోనే కారిపోయేది. జర్మన్ల దగ్గర గట్టి డబ్బాలుండేవి. అవి ఎక్కడ దొరికినా మనవాళ్లు వదిలేవాళ్లు కాదు. జర్మన్లని తెల్ల సోల్జర్లు జెర్రీలనేవారు, మనం ఇవాళ జెర్రీ క్యాన్ అంటున్నది ఆ డబ్బానే. ఇక ఖాళీ అయిన రేకు డబ్బాని సగానికి కోసి, అందులో ఇసక నింపి, కాస్త పెట్రోలు పోసి అగ్గిపుల్ల గీస్తే పొయ్యి. దాని మీద టీ. "నాలుగేళ్లలో నేను తుపాకీ పేల్చింది తక్కువ, టీ కాచింది ఎక్కువ" అన్నాడు.

ఊరికొచ్చాక ఆ టీయే ఆయన్ని ఇబ్బంది పెట్టింది. మా ఇంట్లో అప్పటికి టీ అలవాటు లేదు. నానమ్మ దాన్ని ఆకుల కషాయం అనేది. ఒకరోజు ఆయన కిరసనాయిలు డబ్బా కోసి, కాలవ గట్టు ఇసక పోసి, కిరసనాయిలు తడిపి ముట్టించాడు. పొగ తప్ప మంట సరిగా రాలేదు. కొడుక్కి యుద్ధంలో మతి పోయిందని నానమ్మ అమ్మవారికి మొక్కుకుంది. నా కథలో ఈ ముక్క లేదు. గుళ్లవాన ఉంది.

నీ కథలో కొన్ని చోట్ల పెన్సిల్ గీతలు పెట్టాను, చూసుకో. తాతయ్య వాళ్లమ్మకి "కైరో నుంచి ఉత్తరం వచ్చింది" అని రాశావు. ఉత్తరం మీద ఊరి పేరు ఉండేది కాదు. ఫీల్డ్ పోస్టాఫీసు, అంటే మిలట్రీ తపాలా ఆఫీసు నంబరు మాత్రమే ఉండేది. లోపల ఊరి పేరు రాస్తే సెన్సారువాళ్లు కొట్టేసేవారు. కొడుకు ఏ దేశంలో ఉన్నాడో తెలియని తల్లి, అది కూడా వేరేవాళ్ల చేత చదివించుకునే తల్లి. ఆవిడకి కైరో చెప్పేసి నువ్వు కథని చప్పగా చేశావు.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులేశాయి. యుద్ధానికి వెళ్లినవాడు ఎక్కడో ఉన్నాడు, బాంబు వాళ్లమ్మ ఉన్న వైపు పడింది. ఆ కబురు ఆయనకి ఎలా చేరిందో, చేరాక ఇంటి నుంచి ఉత్తరం వచ్చేదాకా ఎంత టెన్షన్ పడ్డారో, అదొక్కటే పది పేజీల కథ. నువ్వు ఆ తేదీనే దాటేశావు.

ఎందుకు చేరారన్నదీ మళ్లీ చూడు. నువ్వు "దేశం పిలిచింది" అన్నావు. ఏ దేశం? ఆ యుద్ధంలో ఇండియన్ ఆర్మీ 25 లక్షలకి పెరిగింది. అందులో చాలామందిని పిలిచింది జీతం. మొదట్లో సిపాయికి నెలకి 16 రూపాయలు, తిండీ బట్టా మిలట్రీదే. ఇంటికి మనియార్డరు పోతుంది, అప్పు తీరుతుంది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరంలాగా తరాలుగా మిలట్రీకి పోయే ఊళ్లూ ఉన్నాయి. అక్కడ అది వంశాచారం. మీ తాతయ్యది ఏ లెక్కో కనుక్కుని రాయి. అప్పు కోసం వెళ్లాడంటే చిన్నతనం ఏమీ లేదు.

తిరిగి రావడం దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. రైలు దిగగానే పూలదండలు వేయించావు. 1945 నవంబరులో ఎర్రకోటలో, తెల్లవాళ్ల మీద పోరాడిన బోసు సైన్యం ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారుల మీద విచారణ మొదలైంది. దేశమంతా వాళ్లకి జేజేలు కొడుతోంది. సరిగ్గా ఆ రోజుల్లో తెల్లవాడి పక్కన నిలబడి గెలిచినవాడు ఖాకీ బట్టల్తో స్టేషన్లో దిగాడు. ఎవరు దండేస్తారు? మా పెదనాన్న రైలు దిగేముందే చొక్కా మార్చుకున్నాడట. ఎందుకు పెద్దనాన్నా అంటే, "ఎండగా ఉంది" అన్నాడు. యుద్ధం కోసం చేర్చుకున్నవాళ్లు కాబట్టి చాలామందికి పెన్షన్ కూడా లేదు. చేతికొచ్చింది కొంత సొమ్మూ, ఒక కాగితమూ. ఆఫ్రికా స్టార్ అనే పతకం ఉండేది, ఇసక రంగు రిబ్బను, మధ్యలో ఎర్ర చార. అది మా పెద్దమ్మ పెట్టెలో పట్టుచీరల కింద ఉండేది. ఆయన అడగలేదు, ఆవిడ తియ్యలేదు.

అమ్మమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు "తాతయ్య భయపడ్డాడా, ఎవర్నైనా చంపాడా" అని అడక్కు. నేను అడిగి, ఆరు నెలలు పెదనాన్న చేత మాట్లాడించుకోలేకపోయాను. ఏం తినేవాడు, వచ్చాక ఏం తినడం మానేశాడు, నిద్రలో ఏ భాషలో మాట్లాడేవాడు, ఇలాంటివి అడుగు. హుకుం (ఆజ్ఞ), లంగరు (సిపాయిల వంటశాల), ఛుట్టీ (సెలవు) లాంటి మిలట్రీ మాటలు ఇంట్లో మిగిలుంటే అలాగే వాడుకో, తెలుగు చెయ్యకు. ఆవిడ చెప్పని చోట నువ్వు ఊహించి నింపకు, ఖాళీగానే వదిలెయ్.

ఆ ముగ్గురు జర్మన్లని మాత్రం వదిలిపెట్టు తల్లీ, వాళ్ల ఇళ్లకి వాళ్లు పోతారు.

మొదటి పేజీ ఆయన స్టేషన్లో దిగిన దగ్గర మొదలుపెట్టి చూడు. ఆ రోజు ఇంట్లో ఏం వండారో మీ అమ్మమ్మకి గుర్తుండే ఉంటుంది. ఫోన్లో వద్దు, వెళ్లి అడుగు. సంక్రాంతికి నేను ఊళ్లోనే ఉంటాను, రాసింది పట్టుకురా.

ఇట్లు,
మీ మాస్టారు