గడ్డకట్టే చలిలో, మండే ఎండలో నిలిచే ఇళ్లు: ఏం చదవాలి?

ప్రశ్న: సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. విపరీతమైన చలి, ఎండ, తుపాన్లు ఉండే మారుమూల ప్రాంతాల్లో తక్కువ ఖర్చుతో, ఎక్కువ కాలం నిలిచే ఇళ్లు కట్టే రంగంలోకి వెళ్లాలనుంది. కొత్త నిర్మాణ మెటీరియల్స్ మీద పీహెచ్‌డీ చేయడం మంచిదా? దీనికి ప్రత్యేకంగా కోర్సులున్నాయా? ఉద్యోగాలు దొరుకుతాయా?

జవాబు: ముందు మెటీరియల్ సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ రంగం మీద ఆసక్తి ఉన్న చాలామంది విద్యార్థులు అక్కడే మొదలుపెడతారు. ఏదో ఒక కొత్త ఇటుకో ప్యానెలో వస్తే సమస్య తీరిపోతుందనుకుంటారు. నిజానికి ఇలాంటి చోట్ల ఇళ్లు పాడవుతున్నది ఎక్కువగా గోడల్లో చేరే తేమ వల్ల, కింద కదిలే నేల వల్ల, విరిగిన భాగాన్ని బాగుచేసే మనిషి దగ్గర్లో లేకపోవడం వల్ల. అందుకే మీరు మొదట పట్టు సాధించాల్సింది బిల్డింగ్ సైన్స్ మీద. అంటే వేడి, గాలి, తేమ ఒక కట్టడంలో ఎలా కదులుతాయో చెప్పే శాస్త్రం. సివిల్ సిలబస్‌లో దీనికి దొరికే చోటు చాలా తక్కువ.

ఒక్క గోడనే తీసుకోండి. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 17 గ్రాముల నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. మైనస్ 20 దగ్గర పట్టేది ఒక గ్రాము మాత్రమే. వంట, స్నానం, ఉతికి ఆరేసిన బట్టలు, మనుషుల ఊపిరి, ఇవన్నీ ఇంట్లోని వెచ్చటి గాలికి తేమను చేరుస్తూనే ఉంటాయి. స్విచ్ బోర్డు వెనక ఉన్న చిన్న సందులోంచి ఆ గాలి గోడలోకి దూరిందంటే, చల్లగా ఉన్న బయటి పొరను తాకి అక్కడే మంచుగా పేరుకుంటుంది. చలికాలమంతా ఎవరికీ ఏమీ తెలియదు. ఎండలు ముదిరాక ఆ మంచు కరిగి ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా గోడలో నింపే పొర) తడిసిపోతుంది, చెక్క ఫ్రేము కుళ్లడం మొదలవుతుంది, బూజు పడుతుంది. ఇంధనం ఖర్చుకు భయపడి ఇంట్లోవాళ్లు గాలి వచ్చే దారులన్నీ మూసేస్తే తేమ ఇంకా పెరుగుతుంది, పిల్లలకు శ్వాస ఇబ్బందులు వస్తాయి. ఇంత జరిగినా ఆ గోడ బలం లెక్కల్లో తప్పేమీ కనిపించదు.

దీనికి పరిష్కారం తెలియక కాదు. కెనడాలోని రెజైనా నగరంలో 1977లో కట్టిన సస్కాచువాన్ కన్జర్వేషన్ హౌస్‌లోనే మందమైన ఇన్సులేషన్, గాలి చొరబడని గోడలు, బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికి వచ్చే గాలికి అందించే హీట్ రికవరీ వెంటిలేటర్ ఉన్నాయి. కష్టమంతా ఆ పరిష్కారాన్ని రోడ్డు లేని ఊళ్లో ఏళ్ల తరబడి పనిచేయించడంలో ఉంది. తీవ్రమైన చలిలో ఆ వెంటిలేటర్ లోపలే మంచు కడుతుంది, కాబట్టి దాన్ని కరిగించే ఏర్పాటు ఉండాలి. ఫ్యాన్ మోటారు కాలిపోతే కొత్తది విమానంలోనో పడవలోనో రావాలి. వచ్చేదాకా దాన్ని ఆపేసి ఉంచుతారు, తేమ కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఇలాంటి ఇంటి ఖర్చును కట్టిన రోజు బిల్లుతో లెక్కేయకూడదు. రవాణా, ఏటేటా ఇంధనం, విడిభాగాలు, రిపేరు కూలి, అన్నీ కలిపి చూడాలి. ఈ లెక్క చేయగలిగిన ఇంజినీరుకు ఈ రంగంలో చాలా విలువ ఉంటుంది.

మీ సివిల్ చదువు నేరుగా అక్కరకొచ్చేది పునాదుల దగ్గర. అలస్కా, సైబీరియాల్లో చాలాచోట్ల పెర్మాఫ్రాస్ట్ ఉంటుంది. అంటే ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉండే నేల. వెచ్చటి ఇంటిని దాని మీద నేరుగా కూర్చోబెడితే ఇంటి వేడికే నేల కరిగి ఇల్లు ఒక పక్కకు ఒరుగుతుంది. అందుకే ఇంటిని పైల్స్ (నేలలోకి లోతుగా దింపే స్తంభాలు) మీద లేపి, కింద చల్లగాలి తిరిగేలా ఖాళీ వదులుతారు. నేల కదిలినప్పుడు మళ్లీ మట్టం సరిచేసుకునేలా సర్దుబాటు పునాదులు కూడా వాడతారు. వాతావరణం వేడెక్కేకొద్దీ ఈ పని ఇంకా పెరుగుతుంది.

వేడి ప్రాంతాల లెక్క వేరు. రాత్రిళ్లు బాగా చల్లబడే ఎడారిలో మందపాటి మట్టి గోడ పగటి వేడిని గంటల తరబడి ఆపగలదు. రాత్రి కూడా ఉక్కపోసే తీరంలో అదే గోడ భారమవుతుంది, అక్కడ నీడ, ఎదురెదురు కిటికీలు, తేలికపాటి గోడలు మేలు. తుపాను ప్రాంతంలో పైకప్పు నుంచి పునాది దాకా అతుకులు ఎక్కడా తెగకుండా ఉండటం ముఖ్యం. కప్పును గోడకు బిగించే లోహపు పట్టీలకు అయ్యే ఖర్చు కొంచెమే, కప్పు ఎగిరిపోకుండా కాపాడేది అవే.

ఇక చదువు. అలస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో కోల్డ్ క్లైమేట్ హౌసింగ్ రీసెర్చ్ సెంటర్ ఉంది. రోడ్డు మార్గం లేని అనక్టువుక్ పాస్ అనే ఊళ్లో 2009లో ఈ సంస్థ, ఊరివాళ్లతో కలిసి, వాళ్ల పాత మట్టిపెళ్లల ఇళ్ల నుంచి ఆలోచనలు తీసుకుని ఒక నమూనా ఇల్లు కట్టింది. ఆ పని తీరును తప్పక చదవండి. ఫెయిర్‌బ్యాంక్స్‌లోనే ఉన్న యూనివర్సిటీ ఆఫ్ అలస్కాలో ఆర్కిటిక్ ఇంజినీరింగ్ చదవొచ్చు. అలస్కాలో ప్రొఫెషనల్ ఇంజినీరుగా నమోదు కావాలంటే ఆర్కిటిక్ ఇంజినీరింగ్ కోర్సు పూర్తిచేసి ఉండాలన్న నిబంధన కూడా ఉంది. డెన్మార్క్ టెక్నికల్ యూనివర్సిటీ గ్రీన్‌లాండ్‌లోని సిసిమియుట్‌లో ఈ తరహా చదువు చెబుతుంది. మట్టి నిర్మాణం మీద ఆసక్తి ఉంటే ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో క్రాటెర్ అనే మట్టి నిర్మాణ పరిశోధనా సంస్థ, ఆరోవిల్‌లో ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. ఆరోవిల్‌లో తక్కువ వ్యవధి శిక్షణలు దొరుకుతాయి. వీటిలో సీటు రాలేదని టెన్షన్ పడక్కర్లేదు. బిల్డింగ్ సైన్స్ గట్టిగా చెప్పే మాస్టర్స్ ఏదైనా ఈ దారిలోకి తీసుకొస్తుంది.

ఉద్యోగాల విషయంలో ఉన్నమాట చెప్పాలి. కేవలం మారుమూల ఇళ్లకే పరిమితమైన పోస్టులు తక్కువ. ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థలు, విపత్తుల తర్వాత ఆశ్రయం కల్పించే సహాయ సంస్థలు, ఫ్యాక్టరీలో భాగాలు చేసి సైట్‌లో బిగించే ప్రీఫ్యాబ్ కంపెనీలు, గనుల శిబిరాలు, ధ్రువ పరిశోధనా కేంద్రాలు కట్టేవాళ్లు ఇలాంటివాళ్లను తీసుకుంటారు. సహాయ సంస్థల్లో మొదట్లో జీతం తక్కువే ఉండొచ్చు, నెలల తరబడి సైట్‌లోనే ఉండాల్సి రావచ్చు. ఇంట్లోవాళ్లతో ఈ మాట ముందే మాట్లాడుకోండి. ఒక ధైర్యం ఏమిటంటే, ఇవే నైపుణ్యాలు నగరాల్లో బిల్డింగ్ ఎనర్జీ కన్సల్టెన్సీలకూ కావాలి. కాబట్టి మధ్యలో దారి మార్చుకున్నా చదివింది వృథా కాదు.

పీహెచ్‌డీ ఇప్పుడే వద్దు. కనీసం రెండేళ్లు సైట్‌లో పనిచేశాక, ఏ ప్రశ్నకు జవాబు దొరకక ఇళ్లు పాడవుతున్నాయో మీకే తెలుస్తుంది, అప్పుడు ఆ ప్రశ్న మీద చేయండి. ఈలోగా ఉచితంగా దొరికే థర్మ్ (గోడలోంచి వేడి ఎలా పోతుందో లెక్కేసేది), ఎనర్జీప్లస్ (ఇంటికి ఎంత ఇంధనం పడుతుందో లెక్కేసేది) సాఫ్ట్‌వేర్లు నేర్చుకోండి. ఫైనలియర్ ప్రాజెక్టుకు ఏదైనా ఒక చలి ప్రాంతాన్ని ఎంచుకుని, అక్కడి ఒకే ఇంటికి మూడు రకాల గోడలు గీసి, ముప్పై ఏళ్లకు ఇంధనం, రవాణా, రిపేర్లతో కలిపి ఏది చవకో లెక్కగట్టండి. పైన చెప్పిన సంస్థలకు దరఖాస్తు చేసేటప్పుడు ఆ ప్రాజెక్టు రిపోర్టునే జతచేయండి.