ఆ కాగితం చదివావా?

నాయనా,

నీ కథ చేరి పదిహేను రోజులైంది. మొదటిసారి చదివినప్పుడు కోపం వచ్చి కాగితాలు బీరువాలో పడేశాను. నిన్న మళ్ళీ తీశాను. కోపం తగ్గలేదు కానీ, పదకొండో పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ పేజీ సంగతి తర్వాత రాస్తాను. ముందు కోపం సంగతి.

ఇంగ్లండులోని బ్రైటన్‌లో మన తెలుగమ్మాయి ప్రసవిస్తుంది. నొప్పులన్నీ పడి, బిడ్డను గుండెల మీదికి తీసుకుని, "నేను అమ్మనయ్యాను" అంటుంది. నర్సు పెదవుల మీద వేలు పెట్టి, "ఆ మాట ఈ ఆసుపత్రిలో నిషేధం" అంటుంది. ఆ తర్వాత పది పేజీల వెటకారం. వాక్యం బాగానే నడిపావు. కథతో పంపిన ఉత్తరంలో మాత్రం "పేపర్లో వచ్చిన నిజ సంఘటన ఆధారంగా" అని రాశావు. ఆధారం అన్నావు కనుక అడుగుతున్నాను. ఆ ఆసుపత్రివాళ్ళు రాసిన కాగితం చదివావా?

చదవలేదని నాకు తెలుసు. చదివి ఉంటే ఈ కథ ఇలా రాసేవాడివి కాదు.

2021 ఫిబ్రవరిలో బ్రైటన్ అండ్ ససెక్స్ యూనివర్సిటీ హాస్పిటల్స్ ట్రస్టు అనే ప్రభుత్వ ఆసుపత్రుల సంస్థ తన ప్రసూతి విభాగం సిబ్బంది కోసం భాషా సూచనలు విడుదల చేసింది. ఆడపిల్లగా పుట్టి, ఆ తర్వాత పురుషుడిగా బతుకుతూ, బిడ్డను కనాలనుకునేవాళ్ళు కొద్దిమంది ఉంటారు. వాళ్ళు ఆసుపత్రికి రావడానికే జంకుతున్నారని ఆ సూచనలు తయారుచేశారు. పాత మాటను తీసెయ్యమని వాటిలో లేదు, పక్కన ఇంకో మాట చేర్చమని ఉంది. అందరినీ ఉద్దేశించి రాసేటప్పుడు 'స్త్రీలు' అన్న మాట ఉంటుంది, దాని పక్కన 'జన్మనిచ్చే వ్యక్తులు' అన్న మాట వస్తుంది. రొమ్ముపాలు ఇవ్వడం అనే 'బ్రెస్ట్‌ఫీడింగ్' ఉంటుంది, దాని పక్కన ఛాతీపాలు ఇవ్వడం అనే 'చెస్ట్‌ఫీడింగ్' వస్తుంది. ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉంటే ఆ మనిషికి నప్పే మాటలే వాడాలి. అంటే నీ కథలోని అమ్మాయిని ఆ నర్సు 'అమ్మా' అనే పిలవాలి. నీ కథ నిలబడిన స్తంభం ఆ ఒక్క సంభాషణే. అది అక్కడ జరిగే అవకాశమే లేదు.

మరి నువ్వు చదివిన వార్త ఎక్కడిది? 'చేర్చండి' అన్న క్రియ తీసేసి 'నిషేధించారు' అన్న క్రియ పెడితే వచ్చిన వార్త అది. కాన్పులు చేసే మిడ్‌వైఫులు ఇకమీదట 'బ్రెస్ట్‌ఫీడింగ్' అనకూడదట అన్నట్టు లండన్ పత్రికలు కొన్ని శీర్షికలు పెట్టాయి. అక్కడినుంచి ఆ వార్త దేశాలు దాటి, మన ఫోన్లలోకి వచ్చి, చివరికి నీ కథలో కూర్చుంది. ఒక్క క్రియ మారితే ఎంత పని జరుగుతుందో చూశావా? మనం బతికేదే క్రియల మీద. ఎవరో మార్చి ఇచ్చిన క్రియను పరీక్షించకుండా చేతిలోకి తీసుకోవడం రచయిత చేయవలసిన పని కాదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఇదే తప్పు నేను నీ వయసులో చేశాను.

1981లో ఒక జిల్లా ఆసుపత్రిలో ఓపీ చీటీలు రాసే ఉద్యోగం నాది. చెక్క గూడు, ఇనుప కడ్డీలు, చెయ్యి పట్టేంత కన్నం. పొద్దున ఏడింటికి కిటికీ తెరిచేసరికి మూడు వందల మంది ఉండేవారు. పేర్లతో పిలిచే తీరిక మాకు ఉండేది కాదు. రోగంతో పిలిచేవాళ్ళం, వైకల్యంతో పిలిచేవాళ్ళం. "కుంటోళ్ళు ఎడమ పక్క", "కుష్టువాళ్ళు చెట్టు కింద", "గొడ్రాళ్ళంతా పదిహేనో నంబరు గదికి". ఆ కేకల్లో నా గొంతు కూడా ఉంది.

పిల్లలు కలగడానికి మందులు రాయించుకోవడానికి ఒక మనిషి వచ్చేది. ముప్ఫై ఏళ్ళుంటాయి. పసుపు రంగు నేత చీర, చేతిలో నాలుగు మడతలు వేసిన పాత చీటీ. చేతి చెమటకు ఆ చీటీ మీద నా కాపీ పెన్సిలు అక్షరాలు ఊదా రంగులోకి తిరిగి ఆమె వేళ్ళకు అంటుకునేవి. ఆమె రెండు వారాలపాటు కళ్ళ డాక్టరు లైనులో నిలబడింది. ప్రతిసారీ కళ్ళ డాక్టరు చూసి, కళ్ళు బాగానే ఉన్నాయని వెనక్కి పంపేవాడు. మూడోసారి పెద్ద డాక్టరమ్మ ఆమెను పక్కకు పిలిచి అడిగితే చెప్పింది. కళ్ళ లైనులో నిలబడితే కిటికీలోంచి ఆ మాట తన మీదికి రాదని, లోపలికి వెళ్ళాక ఎలాగో పదిహేనో గది వెతుక్కోవచ్చని అనుకుందట.

ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మ అరఠావు కాగితం మీద ఏడు మాటలు రాసి, కిటికీ లోపలి వైపు అన్నం మెతుకులతో అంటించింది. ఈ ఏడు మాటలూ పెట్టి ఎవరినీ కేకవేయకూడదు, పేరు పెట్టి పిలవాలి, ఒకే పేరు ఇద్దరికి ఉంటే ఊరి పేరు కలపాలి. అంతే ఆ కాగితం.

నాలుగో రోజు ఒక పత్రికలో బాక్సు కట్టి వార్త వేశారు, ఆసుపత్రిలో తెలుగు మాటల మీద నిషేధమని. రాసిన విలేకరి మా కిటికీ దగ్గరికి రాలేదు, ఆ కాగితం చూడలేదు. ఊళ్ళో సాహిత్య సభలో పెద్దలు భాషకు ప్రాణం పోతోందని ఉపన్యాసాలిచ్చారు. గుడ్డివాణ్ణి గుడ్డివాడనక ఏమనాలని ఒకాయన బల్ల గుద్దాడు. వారం తిరగకుండా ఆ కాగితం పీకేశారు. ఆరు నెలలకు డాక్టరమ్మకు బదిలీ వచ్చింది. మేము మళ్ళీ "గొడ్రాళ్ళంతా" అని కేకవేయడం మొదలుపెట్టాం.

ఆ కాగితానికి రెండడుగుల దూరంలో కూర్చున్నదాన్ని నేను. అయినా పత్రికలో వచ్చిన వార్తనే నమ్మినట్టు నటించి, డాక్టరమ్మను వెక్కిరిస్తూ ఒక కథ రాశాను. అది అచ్చయిన నా మొదటి కథ. వారపత్రిక సంపాదకుడు రెండు పేజీలు కేటాయించి, బొమ్మ వేయించి, నలభై రూపాయలు మనియార్డరు పంపాడు. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. పసుపు చీర మనిషి ఆ తర్వాత మా ఆసుపత్రికి రాలేదు. ఎక్కడికి వెళ్ళిందో, మందులు దొరికాయో లేదో నాకు తెలియదు. నలభై ఏళ్ళు దాటినా ఊదా రంగు అంటిన ఆ వేళ్ళు నన్ను వదల్లేదు.

రెండేళ్ళకు ఆమె కథే రాసి అదే సంపాదకుడికి పంపాను. "ఆసుపత్రి వాసన ఎక్కువగా ఉంది" అని తిప్పి పంపాడు. మళ్ళీ రాసి పంపితే "పాఠకులు నిరుత్సాహపడతారు" అన్నాడు. మూడోసారి జవాబే లేదు. వెక్కిరింతకు రెండు పేజీలు దొరికిన చోట ఆమెకు అరపేజీ దొరకలేదు. ఎనిమిదేళ్ళ తర్వాత రెండు వందల కాపీలు వేసుకునే చిన్న పత్రికవాళ్ళు దాన్ని అచ్చువేశారు. 'నిషేధం' అన్న మాట ఉంటే ఎంత నాసి రచనకైనా చోటు దొరుకుతుందని ఆనాడు తెలుసుకున్నాను. ఈనాటికీ అది మారలేదు. నీ కథను కూడా ఎవరో ఒకరు వెంటనే వేసుకుంటారు. నా భయం అదే.

ఇంగ్లండు ఉదాహరణే ఇంకొకటి చెబుతాను, దానిలో మన దీపావళి కూడా ఉంది. 1997లోనూ, 1998లోనూ బర్మింగ్‌హామ్ నగర పాలక సంస్థ శీతాకాలపు ఉత్సవాలన్నిటికీ కలిపి 'వింటర్‌వల్' అని ఒక పేరు పెట్టింది. దీపావళి, ఈద్, యూదుల హనుకా, క్రిస్మస్, కొత్త సంవత్సరం అన్నీ ఆ ప్రచారం కిందికి వచ్చాయి. క్రిస్మస్ చెట్టూ ఉంది, క్రిస్మస్ శుభాకాంక్షల బ్యానరూ ఉంది. అయినా క్రిస్మస్ పేరు తీసేశారని కథ పుట్టి, ఏటా డిసెంబరులో పత్రికల్లో తిరుగుతూనే ఉంది. వింటర్‌వల్ క్రిస్మస్ పేరు మార్చలేదని, దాని స్థానంలో రాలేదని డెయిలీ మెయిల్ పత్రిక దిద్దుబాటు వేసుకునేసరికి 2011 నవంబరు వచ్చింది. పదమూడేళ్ళు! దిద్దుబాటు చదివినవాళ్ళు ఎందరుంటారు?

ప్రభుత్వ కార్యాలయం మాటల గురించి రాసిన ప్రతి కాగితమూ మంచిదేనని నేను అనడం లేదు. మన దేశంలోనే చూడు. 'హరిజన' అన్న మాటను కుల ధ్రువపత్రాల్లో రాయవద్దని 1982లో కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. ఆ మాట తమకు వద్దని దళితులు అంతకు ముందే ఎంతో కాలంగా చెబుతున్నారు, కాబట్టి అది సబబు. 2018 ఆగస్టులో అదే కేంద్రం, బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఉత్తర్వును చూపించి, 'దళిత' అనవద్దని టీవీ ఛానళ్ళకు సలహా పంపింది. అది ఆ ప్రజలు పోరాడి తమకు తాము పెట్టుకున్న పేరు. దాని మీద వచ్చిన కోపం న్యాయమైనది. 2015 డిసెంబరులో 'వికలాంగ' బదులు 'దివ్యాంగ' అనాలని ప్రధాని రేడియోలో అన్నారు. వికలాంగుల హక్కుల సంఘాలు అనేకం ఆ మాట తమకు వద్దన్నాయి. అయినా మన పత్రికలు రాత్రికి రాత్రే ఆ మాటకు మారిపోయాయి, ఒక్కరూ బల్ల గుద్దలేదు. నా తమ్ముడికి చిన్నప్పుడే పోలియో వచ్చింది. వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే సదరం క్యాంపు నుంచి వచ్చి, సర్టిఫికెట్ నా ముందు పెట్టి, "అక్కా, ఈ దివ్యాంగుడు అన్న పేరు ఎవరిని అడిగి పెట్టారు?" అన్నాడు. నాకు తెలిసిన కొలత అదొక్కటే. ఆ మాటతో పిలిపించుకునే మనిషిని అడిగారా, లేదా? నీ కథలో అలాంటి మనిషి ఒక్కరూ లేరు. గర్భంతో ఆ ఆసుపత్రి గుమ్మం ముందు నిలబడి, లోపల తనను ఏమని పిలుస్తారోనని తటపటాయించే మనిషిని నువ్వు ఊహించుకోలేదు. మా పసుపు చీర మనిషి కళ్ళ లైనులో నిలబడినట్టే అతను కూడా ఏదో ఒక లైనులో నిలబడి ఉంటాడు.

కోపమే రాయాలనుకుంటే బ్రైటన్‌లో కోపానికి చోటు లేకపోలేదు. ఆ విభాగానికి 'మెటర్నిటీ' బదులు 'పెరినేటల్' (కాన్పుకు ముందూ వెనకా కాలం) అని పేరు మార్చారు. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన తల్లికి మొదటి మాట తెలుస్తుంది, రెండోది తెలియదు. అలాంటి తల్లుల గురించి అక్కడే కొందరు మర్యాదగా అభ్యంతరం చెప్పారు, అరుపుల మధ్య వినబడలేదు. బ్రిటన్ ప్రసూతి మరణాల నివేదిక ఒకటి ఆ నెలల్లోనే వచ్చింది. గర్భంతో ఉన్నప్పుడో, కాన్పయ్యాక ఆరు వారాల లోపో చనిపోయే ప్రమాదం తెల్లజాతి స్త్రీలతో పోలిస్తే ఆసియా మూలాలున్న స్త్రీలకు దాదాపు రెట్టింపని, నల్లజాతి స్త్రీలకు నాలుగింతలని అందులో ఉంది. దాని మీద ఎవరు నీకు ఫోనులో సందేశం పంపారు? నీ కథలోని అమ్మాయి కూడా ఆసియా స్త్రీయే కదా నాయనా.

మాండలికంలో రాయాలా వద్దా అని అడిగావు, పోటీకి పంపాలా పత్రికకు పంపాలా అని అడిగావు. వాటికి ఇప్పుడు జవాబు రాయను. ఇది తేలాక మాట్లాడుకుందాం.

పదకొండో పేజీకి వస్తాను. బిడ్డను చూడటానికి ఊరినుంచి వచ్చిన అత్తగారు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంటుంది. నర్సు వచ్చి ఏదో చెప్పి వెళుతుంది. ఆమెకు అర్థమయ్యేది కోడలి పేరొక్కటే, అదీ తప్పుగా పలికిన పేరు. బాగుందని చెప్పిందో, ప్రమాదమని చెప్పిందో తెలియక, నర్సు ముఖంలో నవ్వు ఉందా లేదా అని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తుంది. ఆ ఏడు వాక్యాలు నువ్వు ఎక్కడా చదివి రాసినవి కావు. ఎవరినో చూసి రాశావు. మీ అమ్మగారేనా?

మిగతా పేజీలు నా దగ్గరే ఉంచుకుంటున్నాను. ఈ ఒక్కటీ తిప్పి పంపుతున్నాను. ఇక్కడినుంచి మొదలుపెట్టు. ఆసుపత్రివాళ్ళ కాగితం సంపాదించి, పూర్తిగా చదివి, ఆ తర్వాత కూడా కోపం ఉంటే అదీ రాయి. అలాంటి చోట బంధువుల మీద ఆధారపడకుండా భాష తెలిసిన దుబాసీని పెట్టాలని అక్కడి ఆరోగ్య శాఖ సూచనల్లో ఉంది. ఆ రోజు దుబాసీ ఎందుకు రాలేదో కనుక్కో. అత్తగారి ఒళ్ళో ఒక సంచి ఉందని రాశావు, రెండు చేతులతో పట్టుకుని కూర్చుందన్నావు. అందులో ఏముందో రాయలేదు. అది చూసి రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అమ్మగారి వయసు దాటిన ఒక రచయిత్రి