గూగుల్ కోర్ అప్‌డేట్ తర్వాత సైట్ ట్రాఫిక్ పడిపోతే ఏం చేయాలి?

కోర్ అప్‌డేట్ అంటే సెర్చ్‌లో ఏ పేజీని పైన చూపించాలో తేల్చే పద్ధతిలో గూగుల్ చేసే పెద్ద మార్పు. ట్రాఫిక్ తగ్గిందంటే గూగుల్ మీ సైట్‌కి శిక్ష వేసిందని కాదు, అవే ప్రశ్నలకు వేరే పేజీలు మెరుగ్గా అనిపించాయని. టెన్షన్ పడి టైటిళ్లన్నీ మార్చేయకండి. 2024 మార్చి 5న మొదలైన అప్‌డేట్ పూర్తవడానికే 45 రోజులు పట్టింది. అందుకే అప్‌డేట్ ముగిశాక ఓ వారం ఆగి, సెర్చ్ కన్సోల్‌లో (గూగుల్ సెర్చ్ నుంచి మీ సైట్‌కి వచ్చే ట్రాఫిక్ చూపించే గూగుల్ టూల్) ఆ వారాన్ని అప్‌డేట్‌కు ముందు వారంతో పోల్చి చూడండి.

ఒకటి రెండు స్థానాలు జారిన పేజీని ముట్టుకోకపోవడమే మంచిది. సెర్చ్ ఫలితాల మొదటి పేజీ నుంచే మాయమైతే మాత్రం దాన్ని పాఠకుడిలా చదవండి: అక్కడా ఇక్కడా ఏరి కూర్చిందా, మీరు స్వయంగా చేసి చూసి రాసిందా? (వంటల సైట్లలో ఉప్మా చేసే విధానం కంటే ముందు ఉప్మా చరిత్ర ఉంటుంది చూడండి, కత్తెర వేయాల్సింది అక్కడే.) ఊరికే పేజీ మీద తేదీ మార్చితే ఉపయోగం లేదు. సరిదిద్దాక ఫలితం కనిపించడానికి నెలలు పట్టొచ్చు, ఒక్కోసారి తర్వాతి కోర్ అప్‌డేట్ దాకా ఆగాల్సి వస్తుంది.