పాలివ్వడం నేర్పడానికి పరీక్షా?

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి నెల్లూరులో బీఎస్సీ నర్సింగ్ చివరి ఏడాది చదువుతోంది. ల్యాక్టేషన్ కన్సల్టెంట్ (తల్లులకు పాలివ్వడంలో సాయపడే నిపుణురాలు) అవుతానంటూ రాత్రిళ్లు తల్లిపాల మీద పరిశోధన వ్యాసాలు ముందేసుకుని కూర్చుంటోంది. బిడ్డకు పాలు పట్టడం మా ఇళ్లలో అమ్మలు, అత్తగార్లే నేర్పేవారు. దానికొక పరీక్ష, పరిశోధన ఎందుకు? స్టాఫ్ నర్సు ఉద్యోగం చూసుకోవడం మేలు కదా?

జవాబు: చివరి మాటతో మొదలుపెడతాను. అవును, ముందు స్టాఫ్ నర్సు ఉద్యోగమే చూసుకోవాలి. అది అమ్మాయి కోరికకు అడ్డు కాదు, ఆమె వెళ్లాల్సిన దారే అది. ఈ రంగంలో ప్రపంచమంతటా చెల్లే అర్హత ఐబీసీఎల్‌సీ, అంటే ఇంటర్నేషనల్ బోర్డ్ సర్టిఫైడ్ ల్యాక్టేషన్ కన్సల్టెంట్. 1985లో ఏర్పడిన అంతర్జాతీయ బోర్డు దీనికి పరీక్ష పెడుతుంది. నర్సులు రాయాలంటే తల్లిపాల విషయంలో 95 గంటల చదువు ఉండాలి, పరీక్షకు ముందు అయిదేళ్లలో తల్లులకు పాలిచ్చే విషయంలో కనీసం 1,000 గంటలు సాయపడి ఉండాలి. ఆ గంటలు బాలింతల వార్డులో తప్ప ఇంకెక్కడ దొరుకుతాయి?

ఇక అమ్మలు, అత్తగార్ల సంగతి. బిడ్డను ఒళ్లో ఎలా సర్దుకోవాలో, రాత్రి నిద్రలోనే ఎలా పట్టాలో వాళ్లు నేర్పినంత ఓపికగా ఎవరూ నేర్పలేరు. అయితే ముర్రుపాలు పిండి పారబోయించిందీ, పుట్టగానే తేనె నాకించిందీ కూడా వాళ్లే. నాకూ నాకించారట! అనుభవం తన తప్పును తాను పట్టుకోలేదు, తేనె నాకి బతికిన పిల్లలే కదా కళ్లెదుట తిరుగుతుంటారు. ఘనా గ్రామాల్లో పదివేలకు పైగా శిశువులను పరిశీలించి 2006లో వెలువరించిన అధ్యయనంలో, మొదటి రోజు దాటాక పాలు మొదలుపెట్టిన బిడ్డల్లో మరణాల ముప్పు రెండింతలకు పైగా కనిపించింది. ఇలాంటిది ఒక ఇంట్లో కూర్చుని చూస్తే తెలిసే విషయం కాదు.

మీ అమ్మాయి చదువుతున్న వ్యాసాలు మంచం దగ్గర ఎలా పనికొస్తాయో ఒంగోలులోని ఒక ఆసుపత్రిలో నేను స్వయంగా చూశాను. సిజేరియన్ అయిన బాలింత, మూడో రోజు. బిడ్డ పుట్టినప్పుడు 3.1 కిలోలు, ఆ ఉదయం 2.8. దాదాపు పది శాతం తగ్గుదల. పాలు చాలడం లేదని అత్తగారు అప్పటికే డబ్బా పాలు తెప్పించారు. తల్లి గోడవైపు తిరిగి ఏడుస్తోంది. వచ్చిన నర్సు డబ్బాను ముట్టుకోలేదు, ఎవరినీ మందలించలేదు. కేసు షీటు తీసి ఆపరేషన్‌కు ముందు ఎన్ని సెలైన్ సీసాలు ఎక్కించారో చూసింది, బిడ్డకు 24 గంటలప్పుడు ఎంత బరువుందో వెతికింది. 2.9 కిలోలు. అక్కడి నుంచి లెక్కేస్తే తగ్గింది వంద గ్రాములే, నాలుగు శాతం కూడా కాదు.

కాన్పు సమయంలో తల్లికి ఎక్కించిన సెలైన్‌లో కొంత బిడ్డ ఒంట్లోనూ చేరుతుంది, మొదటి రోజే మూత్రంగా పోతుంది, అందువల్ల పుట్టినప్పటి బరువు కంటే 24 గంటల బరువును ఆధారంగా తీసుకోవడం మేలని 2011లో కెనడాలో జరిగిన ఒక అధ్యయనం సూచించింది. ఆ నర్సు దాన్ని చదివింది. అది సుమారు వంద మంది తల్లులతో చేసిన చిన్న పరిశీలన మాత్రమేనని కూడా ఆమెకు తెలుసు. నాకు ముచ్చటేసింది ఇక్కడే. ఆ ఒక్క లెక్క చూసి ఊరుకోకుండా తడిసిన గుడ్డలు లెక్కపెట్టింది, కళ్లు పచ్చబడ్డాయేమో చూసింది, బిడ్డను రొమ్ముకు సర్ది గుటక చప్పుడు కోసం చెవి ఒగ్గింది. పిల్లల డాక్టరుకు చెప్పి, మరునాడు మళ్లీ తూచమంది. చదివినదాన్ని ఎంతవరకు నమ్మాలో తెలియడమే ఈ పనిలో అసలు నేర్పు.

అమ్మాయి తప్పక చదవాల్సిన అధ్యయనం బెలారస్‌లో జరిగింది. ఈ బిడ్డకు తల్లిపాలు, ఆ బిడ్డకు డబ్బా పాలు అని చీటీలు వేయడం న్యాయం కాదు కాబట్టి ఆసుపత్రులకు చీటీలు వేశారు. కొన్నింటిలో సిబ్బందికి పాలిప్పించడంలో శిక్షణ ఇచ్చారు, మిగిలినవి ఎప్పటిలా నడిచాయి. 17 వేలకు పైగా తల్లీబిడ్డల మీద 2001లో వెలువడిన ఫలితాల్లో, శిక్షణ పొందిన ఆసుపత్రుల పిల్లలకు ఏడాదిలోపు విరేచనాల జబ్బులు బాగా తగ్గాయి. ఆ పిల్లలకే ఆరేళ్లు దాటాక చూస్తే ఊబకాయం విషయంలో మాత్రం తేడా కనిపించలేదు. తల్లిపాలు తాగితే బిడ్డ లావెక్కడని గోడ పోస్టర్లలో రాసేవారు ఈ రెండో సగం చదవరు. పాలు పడక కుమిలిపోతున్న తల్లి ముందు లేని లాభాలు కూడా ఏకరువు పెడితే ఆమె బాధ పెరగడమే మిగులుతుంది.

మన సముద్రతీరపు పథ్యం సంగతి వేరు. బాలింతకు సొరచేప పెడితే పాలు పడతాయని నమ్మకం. సొర పెద్ద వేటచేప, దాని ఒంట్లో పాదరసం పేరుకుంటుంది, పాలిచ్చే తల్లులు మానడమే మంచిది. ఆ మాట అత్తగారి ముఖాన అంటే మరుక్షణం నుంచి అమ్మాయి మాట ఆ ఇంట్లో చెల్లదు. చేప మంచిదేనమ్మా, సొర బదులు నెత్తళ్లు పెట్టండి అంటే పులుసు కాగుతుంది, గొడవ ఉండదు.

డబ్బు సంగతి దాచను. ఈ పేరుతో విడిగా పోస్టులు మన జిల్లాల్లో అరుదు, చాలాచోట్ల దీన్ని వార్డు నర్సు పనిలో భాగంగానే చూస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో తల్లిపాల సేకరణ, నిల్వ కేంద్రాల కోసం కేంద్ర ఆరోగ్య శాఖ 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది, కాబట్టి దారి మూసుకుపోలేదు. చెన్నై, హైదరాబాద్ పెద్ద ఆసుపత్రుల్లో అవకాశాలు మెరుగు. మూడు నాలుగేళ్లు నర్సు జీతం మీదే బతకడానికి సిద్ధపడాలి. పాలడబ్బా కంపెనీల కానుకలకు, వాళ్ల ఖర్చుతో జరిగే సదస్సులకు ఆమడ దూరంలో ఉండాలి. డబ్బా పాల ప్రచారాన్ని కట్టడి చేసే 1992 నాటి చట్టం, దాని 2003 సవరణ ప్రకారం కంపెనీలు ఆరోగ్య సిబ్బందికి అలాంటివి ఇవ్వడం నేరం. పరిశోధన వ్యాసం చదివేటప్పుడు కూడా డబ్బు ఎవరిచ్చారనే వాక్యాన్ని ముందు వెతకమనండి.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే తల్లులతో గడిపిన గంటలను తేదీలతో ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. మీరు చేయగలిగిన పని కూడా ఒకటుంది. ఆదివారం అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడు ఆ వారం చదివిన ఒక వ్యాసాన్ని వాళ్ల నాయనమ్మకు తెలుగులో చెప్పమనండి. పెద్దావిడ మధ్యలో లేచి వెళ్లిపోతే మరుసటి ఆదివారం ఇంకోలా చెప్పి చూడమనండి.