గట్టు మీద దించిన సిమెంటు

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి, ఇళ్లు కట్టేవాళ్లకు ఇసుక, కంకర, సిమెంటు ఏ రోజుకు కావలసినవి ఆ రోజుకు చేర్చే పని పెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెప్పి ఏడ్చింది. నేను మాత్రం వీధిలో నలుగురికి చెప్పుకున్నాను.

బిల్లులు, లెక్కలు, లారీ ఎక్కడుందో ఫోనులో చూడటం నాకంటే నీకే బాగా తెలుసు. ఇసుకను కొలతకు కొంటే చెమ్మ చూసుకో. తడి ఇసుక పొంగి, పాతిక శాతం దాకా ఎక్కువ కనిపిస్తుంది. వరద వస్తే ఇసుక తవ్వకమూ ఆగుతుంది, సఖినేటిపల్లి రేవులో బండ్లను గోదావరి దాటించే పంటూ ఆగుతుంది. జూలైకి ముందే పోయించుకో.

ఇక దారి సంగతి. కోనసీమలో సగం ఇళ్లు కాలువకు అవతల, కొబ్బరితోటల్లోనే ఉంటాయి కదా. నేను ఒప్పుకున్న మొదటి స్లాబుకు కిరాయి కలిసొస్తుందని రెండు వందల బస్తాలు, అంటే పది టన్నులు, ఒకే లారీలో తెప్పించాను. లారీ రాత్రి తొమ్మిదికి వచ్చింది. పిల్లకాలువ వంతెన చూసి డ్రైవరు ఎక్కనన్నాడు. ఆ వంతెనను నేను రోజూ సైకిలు మీద దాటేవాణ్ణి. సైకిలు దాటితే లారీ కూడా దాటుతుందనుకున్నాను, మూర్ఖుణ్ణి! గట్టు మీద దించేసి, పైన టార్పాలిన్ కప్పి ఇంటికి పోయి పడుకున్నాను. అర్ధరాత్రి వాన. పైనుంచి చుక్క దిగలేదు, నీళ్లు కిందినుంచి పాకాయి. తెల్లవారి చూస్తే అడుగు వరుస రాయి. ఇంటాయన రిటైరైన మాస్టారు. ఒక్క మాట అనకుండా గట్టు మీద గొంతుకూర్చుని, బస్తా బస్తానూ వేలితో నొక్కుతూ "ఇది బాగుంది, ఇది పోయింది" అని లెక్కపెట్టారు. పోయినవి నలభై మూడు. ఆ డబ్బు మీ అమ్మ గేదెను అమ్మి కట్టింది. ఎందుకు ఏడ్చిందో ఇప్పుడు తెలిసిందా?

అందుకని, సరుకు దిగే చోటు దాకా ముందురోజే నడిచి వెళ్లు. వంతెన వెడల్పు, వేలాడే కరెంటు తీగలు చూడు. పెద్ద లారీని రోడ్డు మీదే ఆపి, ట్రాక్టరుతో యాభైయేసి బస్తాలు పంపు. కింద చెక్కలు వేయించు, గోడకు ఎడం ఉంచు, పది వరుసలకు మించి పేర్చనివ్వకు.

వానాకాలం గట్టు పైకి ఎండినట్టే ఉంటుంది, లోపల పెరుగులా మెత్తన. డ్రైవరు వద్దంటే బలవంతపెట్టకు. చీకట్లో వెనక్కి వచ్చే లారీ వెనుక నిలబడి చెయ్యి ఊపకు. ఈ ఒక్క మాట వినకపోతే నాకు నిద్ర పట్టదు, తల్లీ.

ఆ హవాయి చెప్పులతో గట్లెక్కకు. నీ పాదం కొలత రాసి పంపు, బూట్లు నేను కొంటాను.

మీ మామయ్య