70 వేల సైకిల్‌కు ఇన్సూరెన్స్ కావాలా? మా గోడకు వేలాడే ముందు చక్రం సంగతి చెప్తా

70 వేలు పెట్టి గేర్ సైకిల్ కొన్నాను, నల్లగొండలోనే రోజూ దాని మీద ఆఫీసుకు పోతున్నాను, ఇన్సూరెన్స్ తీసుకోవాలా లేక గట్టి తాళం వేస్తే సరిపోతుందా అని అడిగారు కదా. రెండూ కావాలండీ. తాళం సరిగ్గా వేయకపోతే ఇన్సూరెన్స్ ఉన్నా రూపాయి రాదు, ఎందుకంటే నాకు రాలేదు. మా ఇంట్లో గోడకు మేకు కొట్టి ఒక సైకిల్ ముందు చక్రం వేలాడదీసి పెట్టాను, మిగతా సైకిల్ లేదు.

2023లో సంగతి. 58 వేలు పెట్టి హైదరాబాద్‌లో కొన్న హైబ్రిడ్ సైకిల్, దాని మీద రామగిరి నుంచి పానగల్ వైపు రోజూ డ్యూటీకి పోయేవాడిని. ఒక సాయంత్రం వచ్చేటప్పుడు ప్రకాశం బజార్‌లో కూరగాయలకు ఆగి, 400 రూపాయల వైర్ తాళం తీసి ముందు చక్రంలోంచి దూర్చి అక్కడున్న ఇనుప రాడ్డుకు వేసి, మెంతికూర, టమాటాలు కొని పది పదిహేను నిమిషాల్లో తిరిగి వచ్చేసరికి తాళం తాళంలాగే ఉంది, చక్రం చక్రంలాగే ఉంది, రాటకు కట్టేసిన దూడలా అదొక్కటే నిలబడి ఉంది, సైకిల్ మాత్రం లేదు. పక్కన కూరగాయలమ్మే పెద్దమ్మను అడిగితే, "పిలగాడు చక్రం ఊడదీస్తుంటే పంచర్ అయిందేమో అనుకున్న బిడ్డా, నీ దోస్తేమో అనుకున్న" అన్నది. ఆమెను ఏమని అంటాం? ఈ సైకిళ్ల ముందు చక్రానికి పానాతో పని లేదు, పక్కనున్న చిన్న లీవర్ తిప్పితే ఊడి వచ్చేస్తుంది. క్విక్ రిలీజ్ అంటారు. షాపులో నాకు అదే గొప్పగా చూపించారు, కారు డిక్కీలో పెట్టుకోవచ్చు సార్ అని. నాకు కారే లేదు.

పోలీస్ స్టేషన్‌కు పోతే (ఏ స్టేషనో ఎందుకులెండి) "సైకిల్‌కు ఎఫ్ఐఆర్ ఏంది తమ్మీ, దరఖాస్తు ఇచ్చి పో, దొరికితే ఫోన్ చేస్తం" అన్నారు. నేనూ సరే అని ఇచ్చి వచ్చాను. ఇన్సూరెన్స్ వాళ్లు మాత్రం దరఖాస్తు రసీదు చెల్లదు, ఎఫ్ఐఆర్ కాపీ కావాలన్నారు. మళ్లీ తిరిగి తిరిగి అది చేతికి వచ్చేసరికి నాలుగు రోజులు పోయాయి. మీకు ఆ గతి పట్టకూడదంటే ఒక మాట గుర్తుంచుకోండి. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి, దొంగతనానికి ఇప్పుడు పాత ఐపీసీలోని 379 సెక్షన్ పోయి భారతీయ న్యాయ సంహితలో 303 వచ్చింది. అందులో ఒక మెలిక ఉంది. పోయిన వస్తువు విలువ 5 వేల లోపు అయితే, దొంగకు అది మొదటిసారి అయితే, వస్తువో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవతో సరిపెడతారు, పైగా అంత చిన్న దొంగతనానికి పోలీసులు మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా తమంతట తాము దర్యాప్తు చేయడానికి కూడా వీలుండదు. సైకిల్ అనగానే స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకునే రైటర్ బుర్రలో మెదిలేది పాల సైకిలే కాబట్టి బిల్లు చేతిలో పట్టుకుని పోండి, 70 వేలు అన్న అంకె ఫిర్యాదులో మొదటి వాక్యంలోనే ఉండాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాల్సిందే. కేసు కట్టనంటే ఆ ఫిర్యాదునే పోస్టులో ఎస్పీకి పంపొచ్చు, చట్టంలోనే ఉంది. గొడవ పడకుండా నెమ్మదిగా ఈ మాట చెప్తే చాలాసార్లు అక్కడే పని అయిపోతుంది.

ఇంక క్లెయిమ్. తాళం బిల్లు అడిగారు, తాళం చెవులు రెండూ అడిగారు, తాళం వేసిన చోటు ఫోటో అడిగారు. నేను అమాయకంగా ఆ చక్రం ఫోటోనే పంపాను. నా గొయ్యి నేనే తవ్వుకున్నట్టయింది. సైకిల్ ఫ్రేమ్‌ను కదలని వస్తువుకు తాళం వేసి ఉంచాలి అని పాలసీలో రాసుంది, మీరు చక్రానికి వేశారు, కాబట్టి క్లెయిమ్ రాదు అని రెండు లైన్ల మెయిల్ వచ్చింది. నెల రోజులు ఇంటా బయటా వాళ్లను తిట్టుకున్నాను, ఆ తర్వాత కూర్చుని పాలసీ మొత్తం చదివితే అది నిజంగానే అచ్చులో ఉంది, తప్పు నాదే. అంత స్పష్టంగా లేని కారణం చూపి మీకు ఎగ్గొడితే మాత్రం ఊరుకోవద్దు. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ గొడవలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, ఏడాది లోపు వెళ్లాలి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయడానికి బీమా భరోసా పోర్టల్ కూడా ఉంది, ఫోన్ నంబర్ 155255.

బిల్లు బిల్లు అని ఎందుకు చంపుతున్నానంటే, సైకిల్ మోటారు వాహనం కాదు. ఆర్‌సీ ఉండదు, నంబర్ ప్లేటు ఉండదు, ఆర్టీఏ ఆఫీసులో మీ పేరు ఎక్కడా ఉండదు. ఇన్సూరెన్స్ చేయించమని బైకుకు లాగా ఎవరూ బలవంతం చేయరు కూడా. అది మీదే అని చెప్పే కాగితం ప్రపంచంలో ఆ బిల్లు ఒక్కటే, ఆ బిల్లు మీద ఫ్రేమ్ నంబర్ లేకపోతే అది కూడా సగం కాగితమే. ఈ రాత్రికే సైకిల్‌ను తలకిందులు చేయండి, పెడళ్లు బిగించిన చోట ఫ్రేమ్ అడుగున అంకెలు చెక్కి ఉంటాయి, పెయింట్ కింద కనపడకపోతే సుద్దముక్క రుద్ది పైపైన తుడిస్తే తేలుతాయి. ఫోటో తీసి మీ మెయిల్‌కు మీరే పంపుకోండి. షాపువాడితో ఆ నంబర్ బిల్లు మీద రాయించి స్టాంపు కొట్టించండి, నా రెండో సైకిల్‌కు అట్లాగే చేయించాను, "ఇదెవ్వరూ అడగరు సార్" అంటూనే కొట్టాడు.

పాలసీ తీసుకునేటప్పుడు ప్రీమియం ఎంత అని తర్వాత అడగండి. మొదట అడగాల్సింది పోయినప్పుడు బిల్లు విలువ ఇస్తారా, వయసు బట్టి తరుగు కోసి ఇస్తారా అని. రాత్రంతా బయట ఉంచితే వర్తిస్తుందా, అపార్ట్‌మెంట్ సెల్లార్‌ను ఇల్లు అంటారా బయట అంటారా, లైట్లు, స్పీడోమీటర్ లాంటివి వేరుగా రాయించాలా, మన వాటా కింద ఎంత పట్టుకుంటారు, ఇవన్నీ మెయిల్‌లో అడిగి మెయిల్‌లోనే జవాబు తెప్పించుకోండి. ఫోన్లో చెప్పిన తియ్యటి మాటలు క్లెయిమ్ రోజు ఎవరికీ గుర్తుండవు. ఇంటికి హోమ్ ఇన్సూరెన్స్ ఉంటే అది కూడా ఒకసారి తీసి చూడండి, ఇంట్లోంచి దొంగతనం జరిగితే సైకిల్ అందులోకి రావచ్చు, కానీ మీ సమస్య రోడ్డు మీద కదా. నాకు రెండో సైకిల్ మీద ఒక చిన్న క్లెయిమ్ వచ్చింది, మిర్యాలగూడ రోడ్డులో కుక్క అడ్డం వస్తే పడ్డాను, ఫోర్కు వంగింది, వెనక గేరు విరిగింది, 6,400 బిల్లుకు కోతలన్నీ పోను 3,900 ఇచ్చారు. మోకాలు చిప్పకు అయిన ఖర్చు దాంట్లో రాలేదు. అదే బైకో లారీయో వచ్చి మిమ్మల్ని గుద్దితే లెక్క వేరు, అప్పుడు ఆ బండికి ఉన్న థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే మీకు కట్టాలి, కాబట్టి పడ్డ చోటే ఆ బండి నంబర్ ఎవరితోనైనా ఫోటో తీయించండి.

తాళం విషయంలో నా పద్ధతి ఇప్పుడిది. వైర్ తాళం పారేశాను, చిన్న కట్టర్‌తో తెగిపోతుంది. యూ ఆకారంలో ఉండే లావు యూ తాళం ఫ్రేమ్‌లోంచి, వెనక చక్రంలోంచి కలిపి స్తంభానికి, ముందు చక్రానికి వేరే చెయిన్. బరువు రెండు కిలోల దాకా ఉంటుంది. రోజూ మోయలేక యూ తాళం ఆఫీసు దగ్గర కమ్మీకే వదిలేసి వస్తాను, బజారుకు పోయేటప్పుడు ఇంట్లో ఉన్న రెండోది తీసుకుపోతాను. క్విక్ రిలీజ్ లీవర్ తీసేయించి నట్టు పెట్టించాను, పంచర్ అయితే పానా కావాలి, కానీయండి. సీటు కింద ట్రాకర్ ట్యాగ్ కూడా ఉంది, అది చుట్టుపక్కల ఫోన్లను పట్టుకుని చెప్తుంది కాబట్టి గడియారం సెంటర్‌లో నిమిషాల మీద చూపిస్తుంది, ఊరు దాటి పొలాల మధ్యకు పోతే గంట పాత లొకేషన్ చూపిస్తుంది. దాని మీదే భరోసా పెట్టుకుంటే టెన్షన్ తప్ప ఏం మిగలదు.

ఇంతకీ మీ బిల్లు తేదీ ఎప్పటిది? నా రెండో పాలసీ వాళ్లు కొన్న కొత్తలోనే తీసుకోవాలన్నారు, పాతబడితే ఫోటోలు, ఇన్‌స్పెక్షన్ అంటూ తిప్పుతారు. తేదీ, ఇంట్లో ఎక్కడ పెడుతున్నారో కింద రాయండి, సెల్లార్ అయితే ఇంకో రెండు మాటలు చెప్పేది ఉంది.